గాలి దూరని గదిలో పాలు పొంగిన రోజు

ఆ రోజుల్లో మనిషికి దేనికైనా ధైర్యం ఉండేది గానీ, పదిమందిలో దగ్గే ధైర్యం మాత్రం ఉండేది కాదు. గొంతులో గరగర మొదలైతే కళ్లలో నీళ్లు తిరిగేదాకా బిగబట్టుకుని, మలుపు తిరిగాక, ఎవరూ లేరని చూసుకుని దగ్గేవాళ్లం. అలాంటి కాలంలో మా ఇంటిల్లిపాదీ పట్టపగలు, సూరత్ నడిగల్లీలో నిలబడి దగ్గాం. ఆ ఘనకార్యానికి మూలం నేనే (నాయనమ్మ లెక్కలో నేను కాదు, నా నోరు).

బాపు మగ్గాల పనికని కరీంనగర్ వైపు నుంచి వచ్చి సూరత్‌లోనే స్థిరపడ్డాడు. మాది రేకుల ఇల్లు. కరోనా రెండో ఏడాది, వానలు ఇంకా మొదలుకాని రోజుల్లో, అక్క తొలి కాన్పుకు మా దగ్గరికి వచ్చింది. నెలలు నిండాయి, కాళ్లు వాచాయి, రేకుల కింద ఉడికిపోయి కంటిమీద కునుకు లేదు. ఒక మధ్యాహ్నం కళ్లు తిరిగి పడబోతే అమ్మ పట్టుకుంది. "చల్లటి చోట ఉంచండి" అని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. మా ఇంట్లో చల్లటి చోటంటే కుండ ఒక్కటే.

మగ్గం బందై నేను అప్పటికి కామ్‌రేజ్ దగ్గర ఒక షెడ్‌లో ప్యానెళ్లు బిగించే పనికి కుదిరాను. రెండు రేకుల మధ్య గట్టి నురుగు నింపిన పలకలవి. షెడ్‌లోనే తయారైపోతాయి, గాడిలో గాడి కూర్చి నిలబెడితే చాలు, గోడ. ఎండ వేడిని లోపలికి రానివ్వవు. ఒక కోల్డ్ స్టోరేజీ పనిలో మిగిలిన పలకల్ని, రబ్బరు అంచుల తలుపుతో సహా, షెడ్ యజమాని శేఠ్ నాకు ఇచ్చేశాడు. ఇంటి వెనక ఖాళీ జాగాలో నేనూ బాపూ అక్క కోసం గది నిలబెట్టాం. సందు కనబడితే చాలు సీలెంట్ పూశాను. కిటికీని కూడా, దుమ్ము పడుతుందని, ప్లాస్టిక్ కాగితంతో మూసేశాను. అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ ఒకటే మాట: "గాలి గూడ దూరది!"

"గాలి దూరకుంట మనిషెట్ల బతుకుతడురా?" అంది నాయనమ్మ.

"నీకు సమజ్ గాదు తియ్యే."

పాలు పొంగించనిదే పిల్లను అందులో అడుగు పెట్టనివ్వనంది నాయనమ్మ. కడుపుతో ఉన్నామె ఇంట్లో ఉండగా కొత్తిల్లు చేరొద్దంటారు కదా అని అమ్మ నసిగితే, "దానికి పెండ్లైంది, ఇంటిపేరే వేరు. ఇంకేందే?" అని తేల్చేసింది. గ్యాస్ పొయ్యి పనికిరాదంది. గది నడుమ ఇటుకలు పేర్పించి, ఆ సూరత్‌లో ఎక్కడ సంపాదించిందో గానీ, పిడకలు తెచ్చి అంటించింది. అక్కను మాత్రం పాత ఇంట్లోనే కూర్చోబెట్టాం.

బయట ఈదురుగాలి. "తలుపు ముయ్‌రా, మంట ఆరిపోతాంది" అంది నాయనమ్మ. గర్వంగా మూశాను. కాసేపట్లో పొగ గదంతా తిరిగి, పోయే దారి లేక, మా మీదికే వచ్చింది. పాలు పొంగకముందు లేవకూడదు కదా, ఎవరూ లేవలేదు. "ఇంకెంతసేపే?" అన్నాడు బాపు. "కండ్లు మూసుకో, పొంగుతయ్!" చివరికి ఆ పొగలో నేను తలుపు పిడి వెతుక్కునేలోపు బాపు ఒక్క తన్ను తన్నాడు. మాస్కులు లోపలే మరిచి, గల్లీలోకి వచ్చి పడి, పేగులు బయటికొచ్చేలా దగ్గాం.

"బధా ఖాంసే ఛే!" (అందరూ దగ్గుతున్నారు!) అని ఎదురింటి మాసీ కేక పెట్టింది. గల్లీలో తలుపులన్నీ దబదబా మూసుకున్నాయి. ఎవరు ఫోన్ చేశారో గానీ, కాసేపటికే కార్పొరేషన్ బండి వచ్చింది.

మాలో ఒక్కరికి కరోనా ఉందని తేలినా మమ్మల్ని తీసుకుపోతారు. నొప్పులొస్తే అక్క పక్కన ఎవరుంటారు? మా ఇంటి మనిషిని ఏ ఆస్పత్రి చేర్చుకుంటుంది? అక్క గుమ్మంలో నిలబడి, "ఏమైతదిరా తమ్మీ?" అంది. నాకు దగ్గు ఆగి ఏడుపొచ్చింది.

"సాబ్, బీమారీ నహీ, గోబర్ కా ధువాఁ!" (రోగం కాదు, పిడకల పొగ!) అని బాపు మొత్తుకున్నాడు. బండి దిగిన తెల్ల సూటు మనిషి వినలేదు. అక్కతో సహా అందరి ముక్కుల్లో పుల్లలు పెట్టాడు. "ముక్కుపుడక జర పైలం కొడుకా" అంది నాయనమ్మ. ఫలితం తేలేదాకా గల్లీలోనే నిలబెట్టాడు. "కిసీకో కుఛ్ నహీ" (ఎవరికీ ఏమీ లేదు) అన్నాడు చివరికి. అమ్మ అక్కను పట్టుకుని భోరుమంది. నాయనమ్మ ఉన్నచోటే కూలబడి దేవుళ్లందరికీ దండాలు పెట్టింది. అంత హాయిగా ఊపిరి పీల్చుకోవడం నాకు మళ్లీ ఎన్నడూ తెలియదు.

ఇక పొగ సంగతి చూస్తానని ఆ మనిషి గదిలోకి వెళ్లాడు. ఎంతకీ బయటికి రాడు. మళ్లీ భయమేసి తొంగి చూశాం. తలుపు బార్లా ఉండటంతో పొగ పోయింది. సూటు టోపీ తీసేసి, చెమటతో ముద్దైన తలను నా గోడకు ఆనించి, కళ్లు మూసుకుని కూర్చున్నాడు. "పాంచ్ మినిట్, చాచా. యహాఁ ఠండా హై" (ఐదు నిమిషాలు, ఇక్కడ చల్లగా ఉంది) అన్నాడు బాపుతో. పొయ్యి మీద పాలు, మేమెవ్వరం చూడకుండానే, గిన్నె దాటి పొంగి ఉన్నాయి. "తూర్పుకే పొంగినయ్!" అని అరిచింది నాయనమ్మ.

కిటికీ తెరిచి, ఫ్యాన్ పెట్టి, ఆ సాయంత్రం అక్కను తీసుకెళ్లి పడుకోబెట్టాం. తెల్లారేదాకా కదలలేదు. ఆ వారమే అక్కకు బిడ్డ, నాకు కోడలుపిల్ల పుట్టింది.

ఇప్పుడు కడోదరా దాకా వెళ్లి ఇళ్లు బిగిస్తున్నాను. పలకలు నిలబెట్టగానే ముందు గాలికి కంత కోస్తాను. ఇల్లు చూడటానికి వచ్చినవాళ్లు "గాలి కూడా దూరదు కదా?" అని మురిసిపోతూ అడుగుతారు. దూరుతుందండీ, దూరాలి అంటాను. అన్నప్పుడల్లా, పొగలో కళ్లు మండిపోతున్నా "గాలి చూడు, ఎట్ల ఆగిందో" అని నాయనమ్మకు చెప్పబోయి దగ్గిన ఆ పోరడు గుర్తొస్తాడు. పిచ్చి సన్నాసి. అక్కకు నిద్ర పట్టించింది మాత్రం వాడే.