సున్నా నొక్కని రోజు

మీరు ఇంకెవరిని కలిసినా కలవకపోయినా, ప్రసూతి వార్డులో త్రాసు దగ్గర నిలబడే ఆయమ్మను మాత్రం ఒక్కసారి కలిసి తీరాలి. కనుక్కోవడం చాలా తేలిక. మూడో అంతస్తులో లిఫ్టు తలుపు తెరుచుకోగానే ఎవరో ఎవరినో గదమాయిస్తున్న గొంతు వినిపిస్తుంది. అటే నడవండి. పొట్టి మనిషి, చెవుల దగ్గర నెరిసిన జుట్టు, నడుముకు దోపుకున్న నాలుగైదు తెల్ల గుడ్డముక్కలు. ఇరవై మూడేళ్లుగా ఆమె డ్యూటీలో పుట్టిన ప్రతి బిడ్డా అమ్మ ఒళ్లోకి వెళ్లేముందు ఆమె చేతుల మీదుగానే వెళ్లింది.

ఆ చేతుల సంగతి మీకు చెప్పాలి. బిడ్డను అలా ఎత్తుకుని, "రెండు కిలోల ఎనిమిది వందలు" అంటే, త్రాసు మహా అయితే ఇరవై గ్రాములు అటో ఇటో చూపిస్తుంది. కొత్తగా చేరిన డాక్టర్లు ఆమెతో టీ పందెం కడతారు. ఓడిపోతారు. మళ్లీ కడతారు.

అంత నమ్మకమైన చేతులున్నా త్రాసు పని మాత్రం ఒక్కరోజూ ఎగ్గొట్టదు. ముందు పళ్లెంలో గుడ్డ పరుస్తుంది. త్రాసు నలభై రెండు గ్రాములు చూపిస్తుంది, అది గుడ్డ బరువు. సున్నా మీట నొక్కుతుంది. అంకెలన్నీ పోయి సున్నా వచ్చాకే బిడ్డను పడుకోబెడుతుంది. ఇందులో తేడా వస్తే ఆమె ఊరుకోదు. పనిలో చేరిన కొత్తల్లో ఇంకో ఆయా బరువు తప్పు చదివింది. బరువును బట్టి ఇచ్చే మందు ఎక్కువైపోయి ఒక పసిగుడ్డు మూడు రోజులు కళ్లు తెరవలేదు. ఆ మూడు రోజులూ ఈమె అన్నం ముట్టలేదు. అప్పటినుంచి త్రాసు దగ్గర దేవుడొచ్చి అడిగినా ఒక్క గ్రాము కలపదు.

అమ్మమ్మలు, నానమ్మలు అడుగుతూనే ఉంటారు.

"తొంభై గ్రాములేగా తల్లీ తక్కువ! మూడు కిలోలని రాయించరాదూ? వియ్యపురాలి ముందు చిన్నబోతాం."

"ఇదేమన్నా కూరగాయల కొట్టా పెద్దమ్మా, కొసరు వెయ్యడానికి?"

వార్డంతా నవ్వుతుంది. ఆ మాట ఎన్ని వేలసార్లు అనుంటుందో ఆమెకే తెలియదు.

ఆ మాటకు నవ్వని మనిషి ఒక్కతే ఉంది. ఆయమ్మ సొంత చెల్లెలు.

పన్నెండేళ్ల కిందట చెల్లెలు ఇదే వార్డులో చేరింది. అయిదో నెల దాటి కొన్ని రోజులే అయింది, ఉమ్మనీరు పోయింది. పుట్టిన పిల్ల ఏడవలేదు, కదల్లేదు. అలాంటప్పుడు ఆ ఆసుపత్రిలో ఒక రూలుంది. అయిదు వందల గ్రాములు ఉంటే అది బిడ్డ. కాగితం రాసిస్తారు, తెల్ల అట్టపెట్టెలో పెట్టి ఇంటివాళ్ల చేతికిస్తారు. ఆ కాగితం చూపిస్తే శ్మశానంలో జానెడు చోటు దొరుకుతుంది. అంతకు ఒక్క గ్రాము తగ్గినా అది బిడ్డ కాదు. కాగితం ఉండదు, పెట్టె ఉండదు. పసుపు సంచిలో వేసి, ఆపరేషన్ గదిలో మిగిలిన వాటితో కలిపి కిందికి పంపేస్తారు.

ఆ రోజు డ్యూటీ ఆయమ్మదే. గుడ్డ పరిచింది. సున్నా నొక్కింది. నాలుగు వందల తొంభై నాలుగు.

అదే చెప్పింది. అదే రాశారు. తర్వాత మంచం దగ్గరికి వచ్చి చెల్లెలి జుట్టు సవరిస్తూ, "రూలు రూలేనే. ఏం చేస్తాం చెప్పు," అంది. చెల్లెలు గోడవైపు తిరిగి పడుకుంది.

నాలుగేళ్లకు చెల్లెలికి మళ్లీ ఆడపిల్ల పుట్టింది, ఇప్పుడు మూడో తరగతి. రాకపోకలు ఆగలేదు, మాటలే ఆగిపోయాయి. అక్క పది ప్రశ్నలు వేస్తే చెల్లెలు "ఆఁ" అని ఒకటి, "ఊఁ" అని ఒకటి పడేస్తుంది. ఒకసారి చుట్టాలావిడ ఎవరో చెల్లెల్ని ఎంతమంది పిల్లలని అడిగితే, "ఇద్దరు" అంది. పక్కనున్న ఆయమ్మ నోరు ఊరుకోక, "ఒక్కతే కదే!" అనేసింది. చెల్లెలు కుర్చీలోంచి లేచి వెళ్లిపోయింది. ఆ "ఒక్కతే"ని వెనక్కి తీసుకునే దారి ఆయమ్మకు ఇప్పటికీ దొరకలేదు.

ఇక అసలు రోజు దగ్గరికి వద్దాం.

పొద్దున పదింటికి దుప్పట్ల గదిలో టీ తాగుతున్నారు. పెద్ద సిస్టరు, కళ్లద్దాల కుర్ర డాక్టరు వాదులాడుకుంటున్నారు. ముందురోజు ఆ డాక్టరు కాలేజీలో ఏదో చర్చకు వెళ్లొచ్చాడు, కడుపులో ఉన్నది ఎప్పట్నుంచి మనిషి అనే విషయం మీద. అది ఇంకా అతన్ని వదల్లేదు.

"గుండె కొట్టుకుంటే మనిషే. ఇంక చర్చెందుకు?" అంది సిస్టరు.

"కోడిగుడ్డులో కూడా గుండె కొట్టుకుంటుంది సిస్టర్. బయటికొచ్చి సొంతంగా ఊపిరి తీసుకుని నిలబడగలగాలి. అప్పుడే మనిషి."

"అలాగైతే మీరింకా పుట్టనట్టే లెక్క. మీ అమ్మగారి క్యారియర్ ఒక్కరోజు రాకపోతే పన్నెండింటికే సోలిపోతారు!"

ఆయమ్మకు పొలమారి టీ ముక్కులోకి పోయింది. డాక్టరు చెవులు ఎర్రబడ్డాయి.

"ఆయమ్మా, నువ్వు చెప్పు. నీ లెక్కలో ఎప్పుడు మనిషి?"

"నన్నెందుకు బాబూ, నా త్రాసునడగండి. అయిదొందలు కొడితే మనిషి."

ఎప్పుడూ చెప్పే జవాబే. ఎందుకో ఆ పూట చెప్పాక నోరు చేదుగా అనిపించింది. గ్లాసు కడిగి బోర్లించింది.

పదకొండింటికి పద్నాలుగో బెడ్ అమ్మాయికి కాన్పయింది. ఇరవై రెండేళ్లుంటాయేమో. బడిపిల్లల సంచులు కుట్టే షెడ్డులో పని. రాత్రినుంచీ నొప్పులు, రాత్రినుంచీ అందరికీ తెలుసు. బిడ్డ కడుపులోనే పోయింది. ఆ అమ్మాయికీ చెప్పేశారు.

ఆ పిల్ల ఏడవలేదు. బిడ్డను గుడ్డలోకి తీసుకుంటున్న ఆయమ్మ కొంగు పట్టుకుంది.

"మిషనెక్కితే చాలమ్మా, తన్నేది. ఆ చప్పుడంటే అంతిష్టం దానికి. దారం తెగి మిషను ఆగితే అదీ ఆగేది. మళ్లీ తొక్కితే మళ్లీ మొదలు. పక్క మిషను అక్క అనేది, నీకు జీతం లేని హెల్పరు దొరికిందే అని."

"ఊరుకో తల్లీ. మాట్లాడకు, నీరసం వస్తుంది."

"పేరు పెట్టేశాం. మా ఆయనకు కూడా చెప్పకుండా నేనే మార్చాను రెండుసార్లు." చిన్నగా నవ్వింది, ఆ నవ్వు మధ్యలోనే తెగిపోయింది. "అమ్మా, దాన్ని నాకిస్తారుగా? నిన్న ఎవరో అన్నారు, బరువు చూస్తారంట, తక్కువుంటే ఇవ్వరంట. ఇస్తారుగా?"

అప్పటికే ఆయమ్మ చేతులకు తెలిసిపోయింది. నాలుగు వందల అరవై, డెబ్భై. అంతకు మించదు.

త్రాసు పది అడుగుల దూరంలో ఉంది. ఆ పది అడుగులూ నడిచింది. నడుముకున్న గుడ్డల్లోంచి ఒకటి తీసి పళ్లెంలో పరిచింది. నలభై రెండు. వేలు తనంతట తానే మీట దాకా వెళ్లింది. ఇరవై మూడేళ్ల అలవాటు కదా, కళ్లు మూసుకున్నా అక్కడికే పోతుంది.

ఈ బిడ్డకు మందివ్వాల్సిన పని లేదు. తప్పు చదివితే ఎవరి ప్రాణానికీ ముప్పు లేదు. మరి ఇక్కడ త్రాసు ఎవరి కోసం? ఈ ముక్క పన్నెండేళ్ల కిందట ఎందుకు తట్టలేదు?

వేలు వెనక్కి తీసుకుంది. చుట్టిన గుడ్డ తీసి బిడ్డను పడుకోబెట్టింది. ఆడపిల్ల. గోళ్లు కూడా వచ్చాయి. అయిదు వందల ఎనిమిది.

"ఎంత?" రిజిస్టరు తెరిచిన పెద్ద సిస్టరు అడిగింది.

"అయిదు వందల ఎనిమిది."

"సున్నా నొక్కావా?"

"నొక్కాను."

త్రాసు దగ్గర ఆయమ్మ ఆడిన మొదటి అబద్ధం అది. సిస్టరు కళ్లజోడు పైకి తోసుకుని పళ్లెం వైపు చూసింది. ముప్పై ఏళ్ల సర్వీసు ఆమెది, అయిదు వందల గ్రాముల బిడ్డ ఎలా ఉంటుందో తెలియని మనిషి కాదు. చూసి చూసి, తల వంచుకుని అయిదు వందల ఎనిమిది అని రాసింది. "ఆ పెట్టెలు పై అరలో ఉన్నాయి, స్టూలేసుకో, పడిపోగలవు," అంది.

పన్నెండున్నరకు పద్నాలుగో బెడ్ అమ్మాయి మొగుడు తెల్లపెట్టె తీసుకుని మెట్ల మీంచి దిగాడు. లిఫ్టు ఎక్కమంటే ఎక్కలేదు. అంచుదాకా నీళ్లున్న గిన్నెను మోస్తున్నట్టు ఒక్కో మెట్టూ చూసుకుంటూ దిగాడు. చొక్కా జేబులోంచి కాగితం బయటికి కనిపిస్తోంది. ఆయమ్మ పైనుంచి చూస్తూ నిలబడింది. గుండె తేలికవుతుందనుకుంది. కాలేదు. ఇన్నేళ్లలో పసుపు సంచిలోకి వెళ్లినవాళ్లు ఎంతమంది? అందరూ గుర్తులేరు. ఒక్కతి మాత్రం గుర్తుంది.

రెండింటికి డ్యూటీ దిగి ఇంటికి పోలేదు. తిన్నగా చెల్లెలింటికి వెళ్లింది.

చెల్లెలు ముందుగదిలో ఇస్త్రీ చేస్తోంది. అదే ఆమె పని. ఒక పక్క నలిగిన బట్టల మూట, ఒక పక్క మడతపెట్టిన దొంతర, గదంతా వేడి గుడ్డ వాసన. అక్కను చూసి స్టూలు కాలితో ఇటు తోసింది. ఆయమ్మ కూర్చోలేదు.

దారి పొడుగునా అనుకుంది. చెబితే ఏమవుతుంది? అక్కకు ఇప్పటికైనా తెలిసొచ్చిందని చెల్లెలు సంతోషిస్తుందా? లేక ఉన్న ఆ "ఆఁ", "ఊఁ" కూడా పోతాయా? చెప్పకపోతే ఎవరికీ తెలియదు. సిస్టరు నోరు విప్పదు. ఇంకో పన్నెండేళ్లు ఇలాగే గడిచిపోతాయి, పొడిపొడిగా, ఏ గొడవా లేకుండా.

"ఇవాళ ఒక పని చేశానే," అంది.

చెప్పేసింది. బెడ్డు, బిడ్డ, గుడ్డ, మీట, అన్నీ. సంచులు కుట్టే పిల్ల మాటలు కూడా. చెల్లెలు ఇస్త్రీ ఆపకుండా వింటోంది. ఒక చొక్కా అయింది, ఇంకోటి తీసింది, నీళ్లు చల్లింది. "నొక్కలేదు" అన్న దగ్గర మాత్రం ఇస్త్రీపెట్టె నిలువుగా నిలబెట్టింది.

"గుడ్డ తీసేస్తే ఎంత?"

"నాలుగు వందల అరవై ఆరు."

"మా దాని బరువు గుర్తుందా నీకు?"

ఆయమ్మ దొంతర పైనున్న చొక్కా వైపు చూపు తిప్పుకుంది.

"నాకు గుర్తుంది. నాలుగు వందల తొంభై నాలుగు." పన్నెండేళ్లలో అక్కతో ఆమె ఇంత పొడుగు మాట్లాడటం ఇదే. "ఎవరో ముక్కూ మొహం తెలియని పిల్లకి నలభై రెండు వేశావు. మంచి పని చేశావక్కా, నిజంగా. ఆ పిల్ల బతికిపోయింది. నీ సొంత చెల్లెలికి ఆరు గ్రాములు... ఆరంటే ఆరు. కొసరు వెయ్యలేకపోయావా?"

అరవలేదు. అరిస్తే బాగుండుననిపించింది ఆయమ్మకు. "నాకప్పుడు తట్టలేదే," అంది. ఆ మాట ఎంత చిన్నదో ఆమెకే వినిపించింది.

చెల్లెలు ఇస్త్రీపెట్టె తీసి మళ్లీ చొక్కా మీద పెట్టింది. కాలరు దగ్గరికి వచ్చాక, తలెత్తకుండానే అడిగింది.

"ఎంతమంది నాకు పిల్లలు? చెప్పు."

"ఇద్దరే," అంది ఆయమ్మ.

చెల్లెలు కూర్చోమనలేదు, పొమ్మనీ అనలేదు. మడతపెట్టిన చొక్కాను దొంతర మీద పెట్టి, అంచులు కలిశాయో లేదో చూసి, మూటలోంచి ఇంకోటి లాగింది. ఆయమ్మ ఆ చొక్కా కూడా అయ్యేదాకా నిలబడి, చెప్పులేసుకుని వచ్చేసింది.

మర్నాడు పొద్దున ఎప్పటిలాగే డ్యూటీకి వెళ్లింది. గుడ్డ పరిచింది. సున్నా నొక్కింది. మూడు కిలోల నూట పది, మగపిల్లాడు, గుక్కపట్టి ఏడుస్తున్నాడు. రేపో ఎల్లుండో ఇంకో పద్నాలుగో బెడ్డు వస్తుంది. అప్పుడు ఆమె వేలు ఎటు పోతుందో ఆమెకే తెలియదు.

మీరైతే ఏం చేసేవాళ్లు? త్రాసు దగ్గర సంగతి అటుంచండి, అక్కడ మీరూ ఆ మీట నొక్కేవాళ్లు కాదేమో. ఆ మధ్యాహ్నం, ఆ ఇస్త్రీ గదిలో, చెల్లెలితో ఆ మాట చెప్పేవాళ్లా?