చెరువులో పడ్డ పుట్టింటి పుస్తె

చేపల పట్టుబడి రోజున మా ఆవిడ పుట్టింటి పుస్తె చెరువులో పడిపోయింది. కొక్కెం అరిగిపోయి ఉంటుంది. పసుపుతాడుకి అత్తింటి పుస్తె ఒక్కటే మిగిలింది. పోనీ, కంసాలి దగ్గర ఇంకోటి చేయిద్దామన్నాను.

"మా అమ్మ తన చెవి బుట్టలు కరిగించి చేయించిందండీ అది. ఆవిడా లేదిప్పుడు. ఏ కంసాలి చేసిస్తాడండీ?" అంది.

చెరువు ఎండగట్టాం. కానీ మా దగ్గర ఆ చెరువుని లీజుకి తీసుకున్నాయన నెలాఖరుకి నీళ్ళు పెట్టేస్తానన్నాడు. ఈలోగా దొరికితే దొరికినట్టు. మెటల్ డిటెక్టర్ కోసం ఏలూరు పరిగెత్తాను.

చవకవి ప్రతిదానికీ మోగుతాయట. ఖరీదైనవి మన వల్ల కాదు. మధ్యరకంలో ఏం చూసుకోవాలో షాపతను పాఠం చెప్పాడు. నేల మీద తిప్పే కాయిల్ తడిసినా పాడవకూడదు. ఉప్పు నేలకి గోల పెట్టకుండా సరిచేసుకునే మీట ఉండాలి. తగిలింది ఏ లోహమో చెప్పే అంకె తెర మీద కనిపించాలి. అన్నిటికన్నా ముఖ్యం, చెత్తకి మోగకుండా ఆపే ఏర్పాటు.

"మేకులకీ, సిగరెట్ పెట్టెల్లో వెండి కాగితాలకీ నోరెత్తదండి. బంగారం తగిలితే ఊరుకోదండి" అని తనే సెట్ చేసిచ్చాడు. రూపాయి బిళ్ళ పెట్టి మోగించి చూపించాడు కూడా. నేను పొంగిపోయాను.

చెరువులో దిగిన మొదటి రోజే ఆ సంబరం కాస్తా తీరిపోయింది. వలల నుంచి ఎన్నేళ్ళుగా రాలిపడ్డాయో, అడుగడుగునా సీసం గుళ్ళు. మోగినప్పుడల్లా పారతో తవ్వడం, గుండు తీసి గట్టు మీదికి విసరడం. కాస్త తడి ఉన్నచోట ఆ మీట ఎటు తిప్పినా ఒకటే గోల. ఎండకి మాడు పగిలిపోతోంది. నా వెనకాలే మా ఆవిడ కూర్చుని, తవ్విన ప్రతి మట్టిపెళ్ళనీ వేళ్ళతో చిదిమి చూస్తోంది. లీజాయన గట్టు మీద నిలబడి, "ఏవండీ, లంకెబిందెలు ఏమైనా తగిలాయా?" అన్నాడు. ఒళ్ళు మండిపోయింది. అయినా పళ్ళు బిగించి చెరువంతా ఆ చివర నుంచి ఈ చివరకి తిరిగాను. పుస్తె దొరకలేదు.

నెలాఖరున తూము ఎత్తి నీళ్ళు పెట్టేశారు.

కొన్నాళ్ళకి ఆ దిక్కుమాలిన మిషన్ని తిట్టుకుంటూ, ఎవరికైనా అమ్మేద్దామని పెట్టెలో సర్దుతున్నాను. మా ఆవిడ వచ్చి, "ఒక్కసారి ఇటివ్వండి, అసలు బంగారానికి మోగుతుందో లేదో చూస్తాను" అంది. ఆన్ చేసిచ్చాను. కాయిల్ని పైకెత్తి, మెడలో పుస్తెకి ఆనించి పట్టుకుంది.

మోగలేదు.

నేను ఆ చెత్తకి మోగకుండా ఆపే ఏర్పాటు తీసేసి మళ్ళీ ఆనించాను. కీచుమంది. అంటే పల్చటి బంగారాన్ని కూడా అది వెండి కాగితం కిందే జమకట్టిందన్నమాట! పోయిన వస్తువులాంటిదే ముందు దాని కింద పెట్టి చూసుకోండి అని ఒక్కడైనా చెప్పాడా? షాపతను చెప్పడు, నాకా తెలివి ఏడవలేదు. ఆ కోపంలో దాన్ని నేలకేసి కొట్టేవాణ్ణే.

ఆవిడ పుస్తెని జాకెట్లోకి తోసుకుని, "అయితే మనం పోయినదాని మీంచే నడిచొచ్చేసుంటామండీ" అంది.

చెరువులో అప్పటికే చేపపిల్లల్ని వదిలేశారు.