బైబిల్ జిప్పులో నా కార్డు

ఇన్నేళ్లూ గుండెల మీద ఒక బరువు మోశాను. మొన్నమొన్నటిదాకా ఇంట్లో మా ఆయనకి కూడా చెప్పలేదు. మీకెందుకు చెబుతున్నానంటే, మీరు నన్నెరగరు. రాజోలులో ఏదో కేకుల షాపుకి వెళ్లినా, కౌంటరు దగ్గర కూర్చున్న లావుపాటి మనిషే ఇది రాసిందని మీకు తెలియదు.

నాకు కేకులు నేర్పింది మా వీధిలో ఉండే రత్నకుమారి అక్క. బంధువు కాదు. చర్చిలో పక్కపక్కన కూర్చునేవాళ్లం. మైదా జల్లించడం దగ్గర్నుంచి అన్నీ ఆవిడ వెనక నిలబడి చూసి నేర్చుకున్నాను. ఒక్క కొబ్బరిపాల కేకు మాత్రం నాకు పట్టుబడలేదు. ఈ రోజుకీ రాదు.

అప్పట్లో ఇద్దరం ఇళ్లలోనే చేసి అమ్మేవాళ్లం. నేను అమలాపురం వెళ్లి విజిటింగ్ కార్డులు వేయించుకున్నాను. దళసరి అట్ట మీద బంగారు రంగు అక్షరాలు. అక్క నవ్వింది. రుచి బాగుంటే జనమే వెతుక్కుంటూ వస్తారని ఆవిడ నమ్మకం. నాకు జనం మీద అంత నమ్మకం లేదు. పెళ్లిలో కేకు తిన్నవాళ్లు చేతులు కడుక్కునేసరికి చేసినవాళ్లని మర్చిపోతారు. వేళ్లకి క్రీము అంటుకుని ఉండగా ఫోన్ తీసి నంబరు ఎక్కించుకునేదెవరు? కార్డయితే జేబులో పడి ఇంటిదాకా వెళ్తుంది. ఈ విషయంలో నాదే రైటు. ఇప్పటికీ అదే అంటాను.

ఒక పెళ్లికి అక్క మూడంతస్తుల కొబ్బరిపాల కేకు చేసింది. తీరా ఆ రోజు ఆవిడకి జ్వరం. తీసుకెళ్లి పెట్టమని నాకు అప్పజెప్పింది. ఆటోలో ఒళ్లో పెట్టుకుని, గతుకు వచ్చినప్పుడల్లా దేవుణ్ణి తలుచుకుంటూ తీసుకెళ్లాను. కోసి పంచాక ఆడవాళ్లంతా నా చుట్టూ మూగారు. ఎవరు చేశారు, ఎవరు చేశారు అని.

అక్క పేరు చెబుదామనే నోరు తెరిచాను. నిజం. కానీ నోటికంటే ముందు చెయ్యి సంచిలోకి వెళ్లింది. నా కార్డు ఇచ్చాను. ఒకటి ఇచ్చాక రెండోది ఇవ్వడం ఎంత తేలికో! ఒక పెద్దావిడ అయితే ఎక్కడా పోకుండా ఉండాలని, బైబిల్ కవరు జిప్పు తీసి అందులో దాచుకున్నారు. నా అబద్ధం పోయి పోయి అక్కడ చేరింది.

సాయంత్రం ఖాళీ ట్రే ఇవ్వడానికి వెళ్లాను. అక్క దుప్పటి కప్పుకుని గుమ్మంలోనే కూర్చుని ఉంది.

"ఎవరన్నా అడిగేరా అమ్మాయ్?"

"లేదక్కా. ఎవరూ అడగలేదు."

"అయితే బాగోలేదు కామోసులే," అంది.

ఆ తర్వాత ఆవిడ పెళ్లి కేకులు మానేసింది. బడిలో ఆయాగా చేరింది. కార్డు ఇవ్వడం దొంగతనమే, ఒప్పుకుంటాను. కానీ ఎవరూ అడగలేదన్న ఆ మాట? తన చేతి మీద తనకున్న నమ్మకాన్నే పోగొట్టింది కదా. దొరికిపోతానని భయపడి అన్నానా, ఆవిడ అడ్డు లేకుండా పోవాలని అన్నానా? నన్ను నేను చాలాసార్లు అడిగాను. రెండూనేమో. నా వ్యాపారం మాత్రం అల్లుకుపోయింది. కొబ్బరిపాల కేకు అడిగినవాళ్లకి ఏదో సాకు చెప్పి వేరేది ఒప్పించేదాన్ని. షాపు పెట్టాను.

ఈ మధ్య ఆ పెద్దావిడే షాపుకి వచ్చారు. బైబిల్ జిప్పు తీసి నా కార్డు కౌంటరు మీద పెట్టారు. అంచులు నలిగిపోయాయి. బంగారు రంగు ఇంకా మెరుస్తోంది.

"మా మనవరాలి పెళ్లండీ. ఆ రోజు కేకే కావాలండీ. ప్రతి ఆదివారం ఈ కార్డు కనబడుతూనే ఉంది, మర్చిపోతే కదండీ!"

"ఆయ్, అలాగేనండీ," అన్నాను. ఆ మధ్యాహ్నమే అమలాపురం బస్సెక్కి మళ్లీ కార్డులు వేయించాను. ఈసారి అక్క పేరు, అక్క నంబరు. వాటిని అక్క చేతిలో పెట్టి సగమే చెప్పాను: ఒక పెళ్లికి కొబ్బరిపాల కేకు కావాలి, నా వల్ల కాదు. అక్క కార్డు మీద తన పేరుని చాలాసేపు చూసుకుంది. కాయలు ముదురువి తెమ్మంది.

పెళ్లిలో కేకు కోశాక పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని అందరి మధ్యకి లాగారు. "ఈవిడేనండీ! అప్పుడూ ఈవిడే చేసేరు!"

పక్కనే ఉన్న అక్క నావైపు తిరిగింది.

"కాదండీ," అన్నాను. అందరికీ వినబడేలాగే అన్నాను. "ఇది మా అక్క చేసింది. అప్పుడూ అక్కే చేసింది. మీరంతా అడిగేరు. ఎవరూ అడగలేదని అక్కతో అబద్ధం చెప్పేను."

పెద్దావిడ బైబిల్ జిప్పు తీసి, నా కార్డు నా చేతిలో పెట్టేశారు. తర్వాత ఆ ఖాళీ చెయ్యి అక్క ముందు చాపారు. అక్క కళ్లు తుడుచుకుని, తన కార్డు తీసి ఇచ్చింది. జిప్పు మూసుకుంది.

నేను ఓడిపోయిన రోజని మీరనుకుంటారేమో. ఇన్నేళ్లలో నాకు అంత గెలుపు ఇంకోటి లేదు.

అక్క నన్ను క్షమించిందా? తెలియదు. ఇంకా నాతో మాట్లాడటం లేదు. పోయిన ఆదివారం పాస్టరుగారు వాక్యం చెబుతుండగా అక్క ఫోన్ మోగింది. అందరూ తిరిగి చూశారు. ఆవిడ చెంగు అడ్డం పెట్టుకుని వరండాలోకి పరిగెత్తింది. అక్కడి నుంచి గొంతు వినబడింది.

"ఆయ్, నేనేనండీ. ఆ కేకు చేసింది నేనేనండీ."