స్నానాల గదిలో పెరిగిన మొక్కుబడి పుంజు

కదిరిలో మేముండే అద్దె ఇల్లు ఒకటే గది. మంచం, గ్యాస్ పొయ్యి, అమ్మ, నేను. ఇంకొక చెప్పుల జత పెట్టాలన్నా ఆలోచించాలి. అలాంటి గదిలోకి అమ్మ ఒకరోజు సంత నుంచి అట్టపెట్టె నిండా కోడిపిల్లలతో వచ్చింది.

"యాడ పెడతావమ్మా వీటిని?" అన్నాను.

"నువ్వు కాళ్లు ముడుచుకో, సరిపోతాది" అంది.

నేను కామెర్లతో పడినప్పుడు మా ఊరి అమ్మవారికి పుంజును మొక్కుకుందట. కొన్న పుంజు పనికిరాదట, చేతులారా సాకినదే కోయాలట. నా ప్రాణం నిలిచిన పుణ్యానికి నా మంచం కింద వాటికి కాపురం పెట్టింది. వెచ్చదనానికి పెట్టెలో బల్బు వేలాడదీసింది. ఆ వెలుగుకు నాకు నిద్ర లేదు, అవి మాత్రం హాయిగా పడుకునేవి.

ఒకదాన్ని పిల్లి ఎత్తుకుపోయింది. కొన్ని ఎండలకు పోయాయి. చివరికి మిగిలింది ఒక్కటే, దాని ఖర్మకు అది పుంజే. పెట్టెలో పట్టక దాన్ని స్నానాల గదిలోకి మార్చాం. కుళాయి రోజు మార్చి రోజు వచ్చే ఊళ్లో, మా ఇద్దరి స్నానాల నీళ్లూ దాని మీదే పడేవి. ఎండాకాలంలో అమ్మ కావాలని ఇంకో చెంబు పోసేది.

"పాపం, ఉడికిపోతాండాది" అనేది. నేనూ అదే ఇంట్లో ఉడుకుతున్నానని ఆమెకు తోచలేదు.

దేవర జాతర రోజు అమ్మవారి గుడి ముందు పూజారి పుంజు మీద పసుపు నీళ్లు చల్లాడు. అది ఒళ్లు విదిలిస్తే అమ్మవారు ఒప్పుకున్నట్టు. అంతదాకా కత్తి ఎత్తరు. మా పుంజు కళ్లు మూసుకుని నిలబడింది. చెంబెడు పోశాడు. ఇంకా పోయమన్నట్టు మెడ చాచింది.

"ఏమప్పా, ఇది కోడా, బాతా?" అన్నాడు పూజారి. ఇంకో రెండు చెంబులయ్యాక విసుగొచ్చింది ఆయనకు. "ఆయమ్మకు వద్దంట. టెంకాయ కొట్టి తీస్కపోండి."

అమ్మ ముఖంలో నెత్తురు లేదు. మొక్కు తీరకపోతే నాకేమవుతుందోనని ఆమె భయం. నిజం చెప్పాలంటే నాకూ భయమేసింది.

టెంకాయ కొట్టి ఆటో ఎక్కాం. ఆటో కదిలి గాలి తగలగానే, అమ్మ ఒళ్లో ఉన్న పుంజు తల నుంచి తోక దాకా జాడించి విదిలించింది. నా ముఖమంతా పసుపు నీళ్లు. గుడి ఇంకా కనిపిస్తూనే ఉంది.

అమ్మ గబుక్కున దాని మీద కొంగు కప్పింది. "తొందరగా పోనీ అన్నా" అంది ఆటోవాడితో. తర్వాత కొంగులోకి వంగి గుసగుసగా అంది:

"ఊరికుండ్రా, ఆయమ్మ సూస్తాది."