సెలూన్ బాబాయి మందారాలు

మా వీధి చివర సెలూన్ బాబాయికి ఒకటే జబ్బు. ఏపుగా పెరిగిన మందార చెట్టు కనబడితే ఆయన చెయ్యి ఊరుకోదు. కుర్చీలో మనిషి ఉన్నా సరే, ఆ తలని అక్కడే వదిలేసి కత్తెరతో పరిగెడతాడు.

ఒకసారి బ్యాంకు గుమాస్తా ఒక బుగ్గ నున్నగా, రెండో బుగ్గ నురగతో ఆయన వెనకాలే మూడిళ్ళు తిరిగాడు.

"ఆఫీసుకి టైమవుతోందయ్యా."

"మీ గడ్డం ఎప్పుడు గీసినా గడ్డమే. దీన్ని ఇవాళ కొయ్యకపోతే పూత రాదు."

కోసేముందు చెట్టు చుట్టూ తిరిగి, "పక్కలు తగ్గించమంటావా?" అని దాన్నే అడుగుతాడు. ఇంటివాళ్ళని మాత్రం అడగడు.

నన్ను తొలిచే సంగతి వేరే. కోసిన కొమ్మల్లో లావుపాటివి ఏరి, చంకన పెట్టుకుని పట్టుకుపోతాడు. ఎక్కడికి? పొయ్యిలోకని కుట్టుమిషను అక్కయ్య, తలనూనెలోకని గుమాస్తా. ఉండబట్టలేక నేనే అడిగేశాను.

"బాబాయ్, ఆ పుల్లలేం చేస్తావు?"

"కోసిన జుట్టేం చేస్తానో ఎప్పుడైనా అడిగావా?" అంటూ కత్తెర టకటకలాడించాడు.

మా గేటు పక్కన లేత నారింజ రంగు ముద్దమందారం ఉండేది. అమ్మ ఉద్యోగంలో చేరిన ఏడాది నాటింది. అలాంటిది వీధి మొత్తంలో ఇంకోటి లేదు. దానికి నీళ్ళు పోశాకే అమ్మ తను కాఫీ తాగేది. ఒకనాడు ఆఫీసు నుంచి వచ్చేసరికి చెట్టు సగానికి దిగిపోయి ఉంది. పక్కన బాబాయి ఆకులు ఊడుస్తున్నాడు.

"కొత్త చిగుళ్ళకే పూలు వదినా. రెణ్ణెల్లు ఆగి చూడు."

"నీతో నాకు మాటల్లేవు," అంది అమ్మ.

రెణ్ణెల్లకి చెట్టు విరగబూసింది. అమ్మ పూలు చూసింది గానీ ఆయన మొహం చూడలేదు. అలా ఐదు నెలలు గడిచాయి.

అప్పుడు నీళ్ళ పైపులు వెయ్యడానికి మా వీధికి తవ్వే మిషను వచ్చింది. ఇంట్లో ఎవరం లేని వేళ మందారాన్ని వేళ్ళతో సహా పెకలించి, మట్టితో పాటు లారీకెత్తేశారు. అమ్మ ఆ గుంత దగ్గరే చాలాసేపు నిలబడింది. ఆ పూట అన్నం తినలేదు. నాకు ఏడుపొచ్చింది.

మర్నాడు బాబాయి గేటు దగ్గరికొచ్చి, "అమ్మడూ, మీ అమ్మని ఒక్కసారి షాపుకి తీసుకురా," అని చెప్పి వెళ్ళిపోయాడు. నానా తంటాలు పడి తీసుకెళ్ళాను.

షాపు వెనక గదిలో అడుగు పెట్టే చోటు లేదు. ఖాళీ క్రీము డబ్బాలు, పౌడరు డబ్బాలు, పిడి ఊడిన మగ్గులు. అన్నిట్లో తడి ఇసక, అన్నిట్లో మందార పుల్లలు. చాలావాటికి ఆకులేశాయి. ప్రతి దానికీ ఒక చీటీ: 'కుట్టుమిషను', 'గుమాస్తా', 'మూలిల్లు'.

"ఎవరి చెట్టు ఎప్పుడు పోతుందో ఎవరికి తెలుసు వదినా? పోయాక కొమ్మ కావాలంటే ఎక్కణ్ణుంచి తేను? అందుకే ఉన్నప్పుడే కోసి పెట్టుకుంటాను," అన్నాడు నేల చూపులు చూస్తూ. "కిటికీ దగ్గరవి మీవి."

కిటికీ దగ్గర ఏడు డబ్బాలున్నాయి. ఒకదానికి మొగ్గ కూడా తొడిగింది. ఏడింటి మీదా ఒకటే చీటీ: 'మాట్లాడని వదిన'.

అమ్మ ఆయన జేబులోంచి పెన్ను లాగి, ఏడు చీటీల మీదా మొదటి మాట కొట్టేసింది. ఆ తర్వాత ఐదు నెలలుగా దాచుకున్న తిట్లన్నీ వరసగా అందుకుంది. బాబాయి చేతులు కట్టుకుని, ఒక్కటి కూడా వదలకుండా హాయిగా విన్నాడు.