ఏ ఫోల్డరు ఎంత ఉందో చూపించాను

చదువు అయిపోయిన కొత్తలో, ఆ రెండు మూడేళ్లూ, నాకు ఒక గట్టి నమ్మకం ఉండేది. నిజాన్ని అంకెల్లో చూపిస్తే ఎంతటివాడైనా ఒప్పుకుని తీరతాడని. డిగ్రీలో లెక్కలు చదవడం వల్ల పట్టుకున్న జబ్బు అది. ఆ జబ్బుతోనే ఉదయగిరిలో ఒక ప్రైవేటు స్కూల్లో కంప్యూటర్ ఆపరేటర్‌గా చేరాను. వరికుంటపాడు పక్కనున్న మా పల్లె నుంచి రోజూ బస్సులో వచ్చి పోయేదాన్ని. ఆపరేటర్ అన్నది పేరుకే. బోనఫైడ్లు, ప్రశ్నపత్రాలు, ఫీజు కట్టని పిల్లల ఇళ్లకు ఫోన్లు, బెల్లు కొట్టే అవ్వకు మోకాళ్లు పట్టేసిన రోజున ఆ బెల్లు, అన్నీ నా పనే. మా నాయన మాత్రం ఆదివారం చర్చిలో కనపడిన వాళ్లందరికీ "మా పాప కంప్యూటర్లో ఉండాది" అని చెప్పుకునేవాడు, నేనేదో ఆ డబ్బా లోపల కాపురం పెట్టినట్టు.

స్కూలు మొత్తానికి కంప్యూటర్ ఒక్కటే, ఆఫీసు గదిలో. నేను చేరిన మూడో ఏడు, పదో తరగతి పిల్లల పరీక్ష దరఖాస్తులు పంపే వారంలో అది మొరాయించింది. పిల్లల ఫొటోలు, సంతకాలు స్కాన్ చేసి ఎక్కించాలి. శనివారం ఆఖరు. బుధవారం పొద్దున ఏది స్కాన్ చేసినా "డిస్కులో చోటు లేదు" అంటుంది. వెళ్లి కరస్పాండెంట్ గారికి చెప్పాను. ఆయన తన బావమరిదిని పిలిపించారు. ఈ బావమరిదికి స్కూల్లో ఉద్యోగం ఏమిటో నాకు ఈరోజుకీ తెలియదు. గొంతు మాత్రం మూడు వీధులు వినపడేది. పిల్లలు ఆయనకు మైకు సారు అని పేరు పెట్టారు.

"చోటు యాడికి పోతాది బావా? ఈ పాప సినిమాలు ఎక్కిచ్చుంటాది. పొద్దస్తమానం దాని ముందరే గదా కూచోనుండేది" అన్నాడు మైకు సారు.

"నేనేం ఎక్కియ్యలేదు సార్."

"మరెవురు ఎక్కిచ్చినారు? బెల్లు కొట్టే అవ్వ ఎక్కిచ్చిందా?"

పక్కనున్న స్టాఫు రూములోంచి నవ్వులు వినపడ్డాయి. కరస్పాండెంట్ గారు నవ్వలేదు. "శుక్రవారం లోపల తేల్చమ్మా. నీ తప్పయితే ఇంకో పాపను చూసుకుంటాం" అన్నారు, టీ తెమ్మని చెప్పినంత మామూలుగా. ఆ ఏడు మా ఇంట్లో వానల మీద ఆధారపడకుండా నెల నెలా వచ్చేది నా జీతం ఒక్కటే. ఆ సంగతి ఆయనకు తెలుసు. మా నాయనే చెప్పాడు, నన్ను చేర్పించిన రోజు, చేతులు కట్టుకుని.

నా తప్పు కాదని తేల్చాలంటే ఏ ఫోల్డరు ఎంత చోటు తింటోందో చూపించాలి. విచిత్రం ఏమిటంటే, కంప్యూటర్‌తో వచ్చిన, ఫైళ్లు చూపించే మామూలు విండోలో ఒక్కొక్క ఫైలు సైజు కనపడుతుంది గానీ ఫోల్డరు ఎదురుగా ఆ గడి ఖాళీగా ఉంటుంది. ఒక్కోదాని మీద మౌసు నొక్కి, వివరాలు తెరిచి, కాగితం మీద రాసుకుంటూ పోయాను. డెబ్బై ఫోల్డర్లు దాటాక ఏది రాశానో ఏది రాయలేదో తెలియలేదు. ఫోల్డర్ల సైజు చూపించే ఫైల్ మేనేజర్లు ఊరికే దొరుకుతాయని ఫోన్లో చదివి, ఇంటికి పోయే బస్సులో వెతకడం మొదలుపెట్టాను. (కిటికీ పక్క సీటు, కొండ మలుపుల్లో పోయే సిగ్నలు.)

గురువారం పొద్దున స్కూల్లో, నావే కొన్ని పాత ఫైళ్లు చెరిపి చోటు చేసుకుని, మొదట దించుకున్నది ఉచితమే, పది ఫోల్డర్ల వరకు. పదకొండో దాని సైజు కావాలంటే కార్డు నంబరు అడిగింది. (మా ఇంట్లో ఉన్నది రేషన్ కార్డు.) రెండోది చుట్టాలను వెంటబెట్టుకొచ్చింది. వాతావరణం చెప్పే పట్టీ ఒకటి, ఎవరికీ అర్థం కాని భాషలో ప్రకటన ఒకటి, పైగా "మీ కంప్యూటర్ ప్రమాదంలో ఉంది" అని తెర నిండా ఎర్రటి హెచ్చరిక. సరిగ్గా అప్పుడే మైకు సారు వచ్చాడు. "చూడు బావా, వైరస్సు గూడా ఎక్కిచ్చింది" అని కేకేశాడు. మూడోది నీలం రంగు తెర, రెండు అరలు, మౌసుతో పనిలేదు. ఫోల్డరు మీద నిలబడి స్పేస్‌బార్ నొక్కితే సైజు చెబుతుంది. నిజాయితీ కలది, నాకు నచ్చింది. కానీ కరస్పాండెంట్ గారికి చూపించేది దూరం నుంచి కూడా కనపడాలి. నాలుగోది చిన్నది, పేరు కూడా చిన్నదే. తెరవగానే ప్రతి ఫోల్డరు పక్కనా సైజు, దాని వెనక రంగు పట్టీ. పైన ఒక్కసారి నొక్కితే పెద్దది మొదట, చిన్నది చివర. ప్రకటనలు లేవు. దాన్ని తయారు చేసినాయన కింద ఒక మూల "నచ్చితే ఒక మంచి మాట రాయండి" అని మాత్రం పెట్టాడు. (నేను రాయలేదు. అప్పుడు తీరిక లేదు, ఆ తర్వాత మంచి మాట రాలేదు.)

గురువారం మధ్యాహ్నానికి లెక్క తేలింది. నా మూడేళ్ల చాకిరీ అంతా కలిపితే ఒక్క జీబీ కూడా లేదు. దానికి సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. డిస్కులో సగం తిన్నది మైకు సారు పేరున్న చోట, 'పాత అడ్మిషన్లు' అనే దాని లోపల, 'కొత్త ఫోల్డర్ 2'. అన్నీ వీడియోలు. తెరవలేదు. తెలుగు మేడం నా భుజం మీదుగా తొంగి చూసింది.

"ఏమ్మే, తెరిచి చూడవా?"

"రేపు అందరి ముందర తెరుస్తా మేడం."

"నువ్వు బతకనేర్చిన దానివి కాదు" అని ఆమె క్లాసుకు వెళ్లిపోయింది.

శుక్రవారం కరస్పాండెంట్ గారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. వెనక మైకు సారు, స్టాఫులో సగం మంది. నేను గొంతు సవరించుకుని సైజు మీద నొక్కాను. పొడుగాటి ఎర్రపట్టీ వచ్చింది. "ఇది నాది కాదు సార్" అని, అందులో మొదటి వీడియో తెరిచాను. ఉదయగిరి బస్టాండు, ఆకాశం నుంచి. ఊరేగింపు. క్రేనుకు వేలాడే యాపిల్ పండ్ల గజమాల. దాని కింద కరస్పాండెంట్ గారు.

మైకు సారు కొంచెం కూడా తడబడలేదు. "అదా! నీ పుట్టినరోజుది బావా. డ్రోనోళ్లు ఇచ్చినారు. యాడబెట్టాల్నో తెలీక ఆడబెట్టినా."

కరస్పాండెంట్ గారు కళ్లజోడు పెట్టుకున్నారు. "ఏదీ, పెద్దది చెయ్యి."

అయిదేళ్ల పుట్టినరోజులు. ముప్పావుగంట చూశాం. మూడో తరగతి పిల్లలు పక్క గదిలో పైకప్పు ఎగరగొడుతున్నారు. ఎవరూ కదల్లేదు. అయిపోయాక నేను, బుద్ధి లేనిదాన్ని, "ఇవి తీస్తే చోటొస్తాది సార్" అన్నాను.

"ఇవెట్ట తీస్తావమ్మా? పోయినేడు పుట్టినరోజు మళ్లీ వస్తాదా?"

"బయట పెట్టుకునే డిస్కు ఒకటి కొంటే..."

"ఇప్పుడెందుకు అది. దీని తర్వాత పెద్దది ఏంది? నీ దాంట్లో కనపడతాది గదా."

కనపడుతుంది. అందుకే కదా ఏరి కోరి తెచ్చాను. రెండోది 'వార్షికోత్సవం ఫొటోలు'. స్కూలు పెట్టినప్పటి నుంచి ఉన్నవి.

"ఎళ్లిపోయిన పిల్లోళ్లవి మనకెందుకు? తీసెయ్."

"సార్, అవి..."

"చోటు లేదని మొత్తుకున్నది నువ్వే గదా పాపా" అన్నాడు మైకు సారు.

తీసేశాను. "శాశ్వతంగా తీసెయ్యాలా?" అని కంప్యూటర్ అడిగింది. ఆ గదిలో ఆ ప్రశ్న అడిగింది అదొక్కటే. అవునని నొక్కాను. నేను సినిమాలు ఎక్కించానన్న మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు, ఎక్కించలేదన్న మాట కూడా. పోతూ పోతూ కరస్పాండెంట్ గారు "తెలివైన పాప" అన్నారు. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ మాటకు పొంగిపోయాను. ఇంటికెళ్లి నాయనకు రెండుసార్లు చెప్పాను. నా సంచిలో ఎనిమిది జీబీల పెన్‌డ్రైవు ఉందని, అందులోని పాటలు చెరిపేసి ఉంటే ఆ ఫొటోలు కొన్నయినా మిగిలేవని, పడుకున్నాక గుర్తొచ్చింది.

కొన్ని నెలల తర్వాత ఒకామె ఆఫీసు గుమ్మం దగ్గర చెప్పులు విడిచి నిలబడింది. ఆమె కూతురు మా దగ్గర అయిదో తరగతి చదివి, తర్వాత గవర్నమెంటు స్కూలుకు మారింది. ఆ ఏడు వార్షికోత్సవంలో పరుగు పందెం బహుమతి తీసుకుంటూ పిల్ల వాళ్ల నాయనను కూడా స్టేజీ మీదికి లాక్కెళ్లింది. ఆయన బోరు బండి పనికి పైదేశం పోయి, అక్కడే ప్రమాదంలో చనిపోయాడు.

"ఆయన ఫొటో ఇంకోటి లేదు పాపా. ఆధార్ కార్డులోది చూపిస్తే మా బిడ్డ ఇది నాయన కాదంటాది. ఆ రోజు స్టేజీ మీద తీసినారు గదా, అది ఇయ్యి."

"కంప్యూటర్ చెడిపోయిందమ్మా, పాతవన్నీ పోయినాయి" అన్నాను. ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట.

"నువ్వు చదువుకున్నదానివి, వెతికితే దొరుకుతాది" అని ఆమె వెళ్లింది.

చెరిపేసినవి వెలికితీసే సాఫ్ట్‌వేర్ వెతికాను (అదీ ఉచితమే, అందులో అప్పటికి నేను ఆరితేరాను). కానీ మధ్యలో ఇంకో పుట్టినరోజు వచ్చింది. ఖాళీ అయిన చోటంతా కొత్త డ్రోను వీడియోలు కూర్చున్నాయి. దొరికిన ఫొటోలు చాలావరకు బూడిదరంగు పలకలు. వారం రోజులు మధ్యాహ్నం అన్నం తిన్నాక మిగిలిన సమయమంతా వెతికితే ఆ ఏడాదిది, ఆ పిల్లదే కావచ్చు అనిపించేది, ఒకటి దొరికింది. పైభాగం మాత్రమే. బ్యానరు, దాని మీద నమస్కారం పెడుతున్న కరస్పాండెంట్ గారు, చెక్కు చెదరకుండా. దాని కింద ఒక మగమనిషి తల, సగం నుదురు. పక్కన పిల్ల రిబ్బను పువ్వు. ఆ కిందంతా బూడిద.

ఇవ్వాలా వద్దా అనుకుంటూనే ప్రింటు తీసి ఇచ్చాను. ఆమె వెలుగులోకి తీసుకెళ్లి చూసింది.

"ఆయన తలే. ఆ రోజు నూనె పెట్టి పాపిడి తీసింది నేనే. కుదురుగా కూచోడు గదా, వంకర పోయింది చూడు" అంది. వేలితో ఆ పాపిడి తడిమింది. "ఈ పైన సారు బొమ్మ కత్తిరిచ్చి ఇస్తావా? గోడకు పెట్టుకోవాల" అని అడిగింది.

ఆఫీసు కత్తెరతో కత్తిరించి ఇచ్చాను. మిగిలింది రెండు వేళ్ల వెడల్పు.

ఆ ఏడు పరీక్షలు అయ్యాక ఆ ఉద్యోగం మానేశాను. ఇప్పుడు ఆత్మకూరులో ఒక లాయరు గారి దగ్గర కాగితాలు టైపు చేస్తున్నాను. మొన్న బస్టాండులో ఆమె కనపడింది, పక్కన తనకంటే ఎత్తెదిగిన కూతురు.

"ఈ అక్కే మే, మీ నాయనను వెతికి ఇచ్చింది" అని నన్ను చూపించింది. ఆ పిల్ల రెండు చేతులూ జోడించింది.

చెప్పేద్దామని నోరు తెరిచాను. బయటికొచ్చిన మాట "ఏం చదువుతుండావు పాపా?" అన్నది. కంప్యూటర్ డిప్లొమా అంది ఆ పిల్ల, కొంచెం గర్వంగా. బాగా చదువుకోమన్నాను. వాళ్ల బస్సు కదిలాక నవ్వొచ్చింది, అన్నీ అంకెల్లో తేలిపోతాయనుకుని ఆఫీసు గదిలో గొంతు సవరించుకున్న ఆ ఇరవై రెండేళ్ల పిల్ల మీద. పాపం, ఎంత ధైర్యంగా నొక్కిందో.