సగమయ్యేదాకా మరిగిన నీళ్ళు

శక్తినగర్ క్వార్టర్లలో పెరిగిన నాకు నీళ్ళకు కూడా రుచి ఉంటుందని చాలాకాలం తెలియదు. నాన్న అక్కడి థర్మల్ విద్యుత్ కేంద్రంలో బూడిద విభాగంలో పనిచేసేవాడు. మా కుళాయి నీళ్ళు ఎప్పుడూ బ్లీచింగు వాసన కొట్టేవి. రుచి ఏమిటో తెలిసింది దేవదుర్గ అవతల మా చిన్నమ్మ సుగూరమ్మ ఊళ్ళో. ఎండాకాలం సెలవులకు వెళ్ళగానే సంచీ అరుగు మీద పడేసి, ఇంటి ముందున్న బోరింగు కింద దోసిలి పట్టి కడుపు ఉబ్బేదాకా తాగేదాన్ని. చిన్నమ్మ బోరింగు కొడుతూ "ఇంకా సాలదా?" అని నవ్వేది. ఇరవై ఏళ్ళుగా హైదరాబాదులో ఉంటున్నాను. ఏ నీళ్ళు తాగినా ఇవి అవి కావులే అనిపిస్తుంది. ఈ మాట చెబితే మా ఆఫీసులో నవ్వుతారు, నవ్వనివ్వండి.

ఆ బోరింగు నీళ్ళలో ఆర్సెనిక్ అనే విషం ఉందని రెండేళ్ళ కిందట తేలింది. ఎవరో కలిపింది కాదు, అక్కడి భూమి లోపలి రాళ్ళలోంచే నీళ్ళలోకి దిగుతుందట. రంగు లేదు, వాసన లేదు, రుచిలో తేడా అసలే లేదు. పోయిన నెల చిన్నమ్మ ఫోన్ చేసి, అరచేతులు గరుకెక్కాయనీ, రాయచూరులో డాక్టరు చూసి అంతా ఆ నీళ్ళవల్లేనన్నాడనీ చెప్పింది. "ఆ నీళ్ళు మానేశావు కదా?" అని అడిగితే, "నేను మంచిగ చేసుకొనే తాగుతున్న బిడ్డా" అంది. మంచిగా చేసుకోవడమేమిటో నాకు అర్థం కాలేదు. కళ్ళారా చూసి, ఆమెను ఆ నీళ్ళకు దూరం చేసి రావాలని బయలుదేరాను. నిజం చెప్పాలంటే, ఆ బోరింగును మళ్ళీ ఒకసారి చూడాలన్న ఆశ కూడా ఉంది.

హైదరాబాదులో పొద్దున ఆరు గంటల బస్సు ఎక్కితే మహబూబ్‌నగర్, మక్తల్ మీదుగా పది దాటాక కృష్ణ వంతెన వస్తుంది. వంతెన మీదికి రాగానే దేవసూగూరు వైపు థర్మల్ పొగగొట్టాలు కనిపిస్తాయి. అవి కనపడ్డప్పుడల్లా నాన్న సైకిలు గుర్తొస్తుంది. రాయచూరు బస్టాండులో పదకొండున్నరకు దేవదుర్గ బస్సు దొరికింది. కర్ణాటక బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్టు లేదని తెలిసి ధీమాగా ఆధార్ చూపించాను. కండక్టరు దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇది హైద్రాబాద్‌ది గదక్కా, ఈడ నడ్వదు. పుట్టింటి కార్డు మార్చుకుంటిరి, ఇంగ పైసలు తియ్యిరి" అన్నాడు. బస్సంతా నవ్వింది. చిల్లర తీసి టికెట్టు కొన్నాను.

దేవదుర్గలో దిగేసరికి ఒంటిగంట. బస్టాండు ఎదుట ఒక ప్లేటు మండక్కి ఒగ్గరణె, అంటే తాలింపు వేసిన బొరుగులు, రెండు మిర్చి బజ్జీలు తిని ఆటో మాట్లాడుకున్నాను. నూటయాభైకి ఒప్పుకున్నాడు ఆటో నడిపే ఖాజా. ఊరి పేరు వినగానే అడిగాడు.

"నీళ్ళు దెచ్చుకున్నరా మేడం? ఆడ నీళ్ళు ఖరాబ్ ఉన్నయ్. నేనైతే ఆ ఊర్ల చాయ్ దప్ప ఏం ముట్ట."

"చాయ్ కూడా ఆ నీళ్ళతోనే పెడతారు కదా?"

"అది మసిలి ఉంటది గద మేడం!"

నిజమేలే అనుకున్నాను. ఊరి పేరు మాత్రం ఇక్కడ రాయను. పేరు బయటపడితే తమ ఆడపిల్లలకు సంబంధాలు రావని అక్కడివాళ్ళు భయపడుతున్నారు.

రెండింటికి చిన్నమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. చేతులు పట్టుకుంటే మెత్తటి అరచేతులు కావవి. గోధుమగింజలంత గట్టి బుడిపెలు తగిలాయి. మెడ కింద వాన చినుకులు పడ్డట్టు మచ్చలు. నేను చూస్తున్నానని కొంగు సర్దుకుంది. "ముందుగాల రొట్టె తిను, ఎనక ఏడుద్దువు గని" అని కసిరింది. జొన్నరొట్టె, గుత్తివంకాయ, పక్కన కంచు చెంబు. ఒక గుక్క తాగాను. అవే నీళ్ళు! గొంతు దిగుతుంటే పన్నెండేళ్ళ పిల్లనైపోయాను.

"చిన్నమ్మా, ఇవి బోరింగువి కదా?"

"బోరింగువే. బుగులు పడకు. నీకోసమని పొద్దుగాల మసలబెట్టి, కొత్త కుండల సల్లార్చిన. ఊరికె పొంగించుడు గాదు, సగమైందాక మసలబెడ్త నేను. రెండేండ్ల సంది గిట్లనే."

హమ్మయ్య అనుకున్నాను. సిగ్గులేకుండా ఇంకో చెంబు కూడా పోయించుకున్నాను.

ఇలాంటి ఊళ్ళకు వెళ్ళేవాళ్ళకు చెప్పొచ్చని, ఎండ తగ్గాక ఊరి చివరనున్న నీళ్ళ ఫిల్టర్ చూడ్డానికి చిన్నమ్మను వెంటబెట్టుకుని వెళ్ళాను. చిన్న రేకుల గది. ఐదు రూపాయల బిళ్ళ వేస్తే డబ్బా నిండుతుంది. ఆ నీళ్ళను కూడా పరీక్షకు పంపించారు, బాగున్నాయని వచ్చింది. దాన్ని చూసుకునే శరణమ్మ ఈ పనికోసం రాయచూరులో శిక్షణ తీసుకుంది. మాతో తెలుగులోనే మాట్లాడింది. మిషన్ ఆగిపోతే బాగుచేసేవాడు రావడానికి వారం పడుతుందనీ, కృష్ణ నీళ్ళ పైపు వేశారు గానీ వారానికి రెండుసార్లే వస్తాయనీ చెప్పింది. "తాగనీకి ఈ నీళ్ళు కొంటరక్కా, వంటకు మాత్రం బోరింగువే పోస్తరు. పప్పు ఈ నీళ్ళల్ల రుచి గాదంట. మసిలితె విషం పోతది అంటరు."

"పోదా?" అన్నాను.

శరణమ్మ నావైపు కాకుండా చిన్నమ్మ వైపు తిరిగింది. "పెద్దమ్మా, చారు పొయ్యి మీద శానసేపు ఉంటె ఏమైతది?"

"ఏమైతది, ఉప్పెక్కుతది" అంది చిన్నమ్మ వెంటనే.

"ఎందుకు?"

"నీళ్ళు గుంజుకపోతయ్, ఉప్పు ఆడనే..." అని ఆగిపోయింది.

విషం కూడా ఆ ఉప్పులాగే మిగిలి చిక్కబడుతుందని ఇంకెవరూ చెప్పక్కర్లేదు. చిన్నమ్మ తన అరచేతుల వంక చూసుకుంది. తర్వాత నా వంక చూసింది. కోపంగా కాదు, దారి తెలియక అడిగినట్టు చూసింది.

"ఫోన్ల నువ్వే గద బిడ్డా చెప్పినవ్, మసలబెట్టుకొని తాగుమని?"

నాకు గుర్తే లేదు. ఎంత వెతుక్కున్నా గుర్తు రాలేదు. బోరింగు నీళ్ళు చెడ్డవని తేలినప్పుడు చిన్నమ్మ నాకే మొదట ఫోన్ చేసి ఉంటుంది. నేను ఏ ట్రాఫిక్‌లోనో, ఏ మీటింగుకు ముందో, జ్వరమొచ్చినవాళ్ళకు చెప్పినట్టు ఆ మాట అనేసి పెట్టేసి ఉంటాను. చదువుకున్న పిల్ల చెప్పిందని ఆమె రెండేళ్ళు పొయ్యి ముందు కూర్చుంది. నేను చెప్పినదానికంటే శ్రద్ధగా, సగమయ్యేదాకా.

అక్కడే ఏడ్చేశాను. రెండు చెంబులు తాగానని నా గురించే భయపడుతున్నాననుకుందేమో, "ఒక్కపూట తాగితె ఏం గాదక్కా, ఏండ్లకేండ్లు తాగితేనే" అంది శరణమ్మ పాపం. చిన్నమ్మ బిళ్ళ వేసి డబ్బా నింపుకుంది. ఇంటికెళ్ళి కొత్త కుండలోని నీళ్ళు మోరీలో పోసింది, ఫిల్టర్ నీళ్ళతోనే ఎసరు పెట్టింది. "ఇందుల రుచి పచి లేదు" అని గొణుక్కుంటూనే పెట్టింది. మంచినీళ్ళు, మంచి తిండి ఉంటే చేతులు మెల్లగా కొంత నయమవుతాయని డాక్టరు చెప్పాడట. ఎంతవరకో ఆయనా చెప్పలేదు.

ఐదున్నరకు ఖాజా వచ్చి హారన్ కొట్టాడు. చిన్నమ్మ ఆటో దాకా వచ్చి నా తల నిమిరింది. ఆ గరుకు నా జుట్టుకు తెలుస్తూనే ఉంది. "ఎందుకు ఏడుస్తవ్? నువ్వు చెప్పినవని ఒక్కదినం గుడ మర్వలే నేను" అంది. నన్ను ఓదార్చడానికే అంది. నేను దారి పొడవునా తల ఎత్తలేకపోయాను.

ఆ నీళ్ళ మీద బెంగ నాకు ఈరోజుకీ తీరలేదు. తెలిసీ తీరలేదు, అదే నా బాధ. వారానికోసారి చిన్నమ్మకు ఫోన్ చేసి, ఫిల్టర్ నడుస్తోందా, వంట వేటితో చేశావు అని అడుగుతున్నాను. ఆ వైపు వెళ్ళేవాళ్ళకు నేను చెప్పగలిగేది ఒక్కటే. మరిగించాం తాగండి అని ఎంత ప్రేమగా ఇచ్చినా, టీ అయినా పప్పు అయినా, పరీక్ష చేయించిన నీళ్ళేనా అని అడిగి తీసుకోండి. ఫిల్టర్ ఆగిన రోజు కోసం దేవదుర్గలోనే ఒక డబ్బా కొనుక్కుని వెళ్ళండి. ఊరినుంచి ఎవరైనా ఫోన్ చేసి ఈ నీళ్ళు ఏం చెయ్యాలని మిమ్మల్ని అడిగితే మాత్రం, తెలియకపోతే తెలియదని చెప్పండి. మీరు చెప్పింది వాళ్ళు చేస్తారు.